కడ్డీ మీది గీటు

దీపావళినాడు హోసూరులో మా వీధంతా కాలిన మందు వాసనే. మనవళ్లు గంతులేస్తుంటే నేను కిటికీలు మూసుకుని మూల కూర్చుంటాను. ముసలిదానికి చాదస్తమంటారు, అననీ!

నా చిన్నప్పుడు డెంకణికోట అడవి అంచున మా రాగిచేను. కంకి పాలుపోసుకునే వేళకు అడవిపందులు దిగేవి. నాయన దగ్గర గొట్టంలో మందుపోసి, గుండువేసి దట్టించే నాటుతుపాకి ఉండేది. మందు కొలవడానికి కెలమంగలం సంతలో ఇత్తడి గిన్నెలు, వెదురు గొట్టాలు ఎన్ని చూసినా నచ్చక, చివరికి మేకకొమ్ము కొన కోయించి, తన తుపాకికి సరిపోయేదాకా అరగదీసుకున్నాడు. దట్టించే కడ్డీ ఇనుపదైతే నిప్పు రాలుతుందని వెదురుది ఎంచుకుని, దానిమీద కత్తితో గీటు పెట్టాడు. గుండు సరిగా కూర్చుంటే గీటు గొట్టం మూతికి సమంగా ఆగాలి. పైన నిలిచిందా, గొట్టం పగిలి పేల్చేవాడి చెయ్యి పోయినట్టే.

నాయన తుపాకి తీస్తే అమ్మ పొయ్యి ఆర్పేసి, మమ్మల్ని గోడవారన కూర్చోబెట్టేది. లెక్క తప్పుతుందని ఎవరూ నోరు మెదపకూడదు. ఆ నిశ్శబ్దమంటే నాకు చచ్చేంత భయం.

ఒక సాయంత్రం నాయన మందుపోసి, గుండు దట్టించాడో లేదో, చేలోంచి చిన్నాయన కేక. "అన్నా! మంచె ఇరిగిపోయె, బిన్నే రాప్పా!"

నాయన తుపాకి గోడకానించి పరుగెత్తాడు. కాలు బెణికిన చిన్నాయనను మోసుకొచ్చి పడుకోబెట్టి, ఆ కంగారులోనే మళ్లీ కొమ్ము అందుకున్నాడు. మళ్లీ మందు, మళ్లీ గుండు. కడ్డీ మీది గీటు మూతికి బెత్తెడు పైన నిలిచింది. చూశాను. నాయన కడ్డీ లాగేసి, తుపాకి భుజానికెత్తి గడప దాటాడు.

నాయన పేరు మా అమ్మ ఏనాడూ పలికి ఎరుగదు. మొగుడి పేరేమని ఎవరైనా అడిగితే, చెప్పమని నన్ను ముందుకు తోసేది. నాయనను పిలవాలన్నా "పాప నాయనా" అనేది. అలాంటి మనిషి ఇల్లు అదిరేలా అరిచింది.

"తిమ్మరాయప్పా! కాల్చొద్దు! గీటు పైనుండాది!"

నాయన కొయ్యబారిపోయాడు. తుపాకి మెల్లగా దించి, అక్కడే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మర్నాడు గొట్టంలో నీళ్లుపోసి నానబెట్టి తీస్తే గుండ్లు రెండొచ్చాయి.

ఇప్పుడా చేనులో ఫ్యాక్టరీ గోడ లేచింది. తుపాకి సర్కారుకు అప్పగించేశాం, కొమ్ము ఎటుపోయిందో తెలియదు. ఈ కాలం ఆడపిల్లలకు మొగుడి పేరు నోట్లో మాటే, అది మంచిదే. కానీ మా కోడలు వంటింట్లోంచి మావాణ్ణి పేరుపెట్టి కేకేసిందంటే చాలు, లేచివెళ్లి, వాడి చేతుల్లో ఏముందో చూసి వస్తాను.