నిమ్మరసం గ్లాసు, సింగపూర్ హోటల్

ఈ రోజు జనగామలో తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షకు కూర్చున్నాం. సాయంత్రం నిమ్మరసం ఇచ్చి మాతో దీక్ష విరమింపజేయడానికి మా నాయకుడు వచ్చాడు. గ్లాసు పట్టుకున్నాడో లేదో, ఫోన్ మోగింది. సింగపూర్ విహారయాత్రకు ఏ హోటల్ తీసుకోవాలో ట్రావెల్ ఏజెంటుతో చర్చ మొదలుపెట్టాడు. పొద్దున్నుంచి పస్తున్న దేవరుప్పుల అవ్వ ఆ గ్లాసునే చూసి చూసి, చివరికి అంది:

"పైసలు తక్కువయ్యే అగ్గువ దాంట్ల దిగరాదా బిడ్డా, పండుకునుడే గదా!"

"గట్లెట్లయితది అవ్వా? ఆడ తెలంగాణ ఇజ్జత్ ఉండాలె గదా, మన పరువు పోవద్దు!"

సముద్రం కనిపించే గది ఖాయం చేశాకే గ్లాసు అవ్వకిచ్చి, ఫొటోకు నవ్వాడు. ఈలోగా దేవరుప్పుల ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఈ రాత్రి అవ్వ టెంటులోనే పడుకుంటుంది. ఇద్దరిలో తెలంగాణ ఇజ్జత్ ఎవరో మీరే చెప్పండి.