ముక్కుపిన్ని

వైన్ ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ ముక్కుపిన్ని అనేవాళ్లు. గ్లాసు వంచి రంగు చూసి, ఒక్కసారి వాసన పీల్చి, ఏ పీపా బాగుందో ఏది చెడిందో ఇరవై రెండేళ్లు చెప్పింది. కిందటేడు జ్వరం వచ్చి తగ్గింది గానీ వాసన తెలియకుండా పోయింది. ఎవరికీ చెప్పలేదు. రంగునీ, నాలుకకు తగిలే పులుపునీ వగరునీ నమ్ముకుని నెట్టుకొచ్చింది.

ఒకరోజు కొత్త పీపా వైన్ గ్లాసులో కెంపులా మెరిసింది. మడ్డి లేదు.

"బాగుంది, సీసాలకి పట్టండి," అంది.

ఆవిడ దగ్గరే పని నేర్చుకున్న మేనేజరు గ్లాసు వాసన చూసి తెల్లబోయాడు. "పిన్నీ, తడి గోనెసంచిలా బూజుకంపు కొడుతోంది. మీకు తెలీట్లేదా?"

"ఏడాదై ఏ వాసనా తెలీట్లేదు నాయనా."

ఆవిణ్ణి లేబుళ్లు అంటించే గదికి మార్చారు. వాసన ఇక తిరిగిరాదని డాక్టరు తేల్చేశాడు.

భర్త మాత్రం రోజూ పొద్దున్నే నిమ్మచెక్క పిండి ఆవిడ ముక్కు దగ్గర పెడతాడు. ఆవిడ తల అడ్డంగా ఊపుతుంది. నిన్న ఆయన మొహం చూడలేక, "కొంచెం తెలిసినట్టుందండీ," అని అబద్ధమాడింది. ఆయన సంబరంగా పక్కింటివాళ్లకి చెప్పడానికి పరిగెత్తాడు. ఆవిడ చెప్పులేసుకుని లేబుళ్ల పనికి బయల్దేరింది.