మైనస్ గుర్తు మీద నిలువు గీత

1983 వర్షాకాలం. ఖమ్మం బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల షాపు పైనున్న గదిలో నా జాబ్ వర్క్ షాపు ఉండేది. జాబ్ వర్క్ అంటే ఎవరు ఏ కాగితం తెచ్చినా టైపు చేసి ఇవ్వడం. ఉద్యోగాల దరఖాస్తులు, కోర్టు అఫిడవిట్లు, పంచాయతీ అర్జీలు. రెండు టైపు మిషన్లు, ఎక్కువ కాపీలు తీసే సైక్లోస్టైల్ మిషను ఒకటి, అన్నిటికీ నేనొక్కదాన్నే. ఎస్తేరు కొట్టిన కాగితంలో తప్పు ఉండదని ఊళ్లో నాకు పేరు. ఆ పేరంటే నాకు కొంచెం పొగరు కూడా.

ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి షాపు తీస్తుంటే మెట్ల మీద ఒకామె నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. నేత చీర, తడిసిన గొడుగు, చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన కాగితాల కట్ట. పేరు అన్నపూర్ణ. పెనుబల్లి దగ్గర రైతు కుటుంబం. భద్రాచలం కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకుని ఆరేళ్లు పట్టి రాసిన థీసిస్ అది.

"ఈ ఈక్వేషన్లు చూసి ముగ్గురు టైపిస్టులు వెనక్కిచ్చారు. మీరూ ఇస్తారా?" అంది.

"చూడకుంట ఎట్ల చెప్త మేడం? ఇటియ్యండి."

చూశాను. నిజం చెప్పాలంటే భయమేసింది. ఒక్కో పేజీలో మాటలు నాలుగు వరుసలు, మిగతాదంతా గుర్తులు. గ్రీకు అక్షరాలు మిషన్‌లో ఉండవు. వాటికి ఖాళీ వదిలి, తర్వాత నల్ల ఇంకుతో చేత్తో రాయాలి. ఘాతాల అంకెలు పైన పడాలంటే రోలరును అర లైను తిప్పి పట్టుకుని కొట్టాలి. పైగా నాలుగు కాపీలు, మధ్యలో కార్బన్లు. అయినా తీసుకున్నాను. ముగ్గురు వెనక్కిచ్చారన్న మాటే నన్ను తీసుకునేలా చేసింది.

అడవి పక్కన కాలేజీలో కూర్చుని ఏం పరిశోధన చేస్తారని ఆమెను చాలామంది అడిగేవారట. "నాకు ల్యాబ్ అక్కర్లేదు ఎస్తేరూ. కాగితం, పెన్సిలు, సెలవురోజు చాలు. నాది థియరీ" అనేది. వారం వారం బస్సులో వచ్చేది. గోదావరి పొంగి బస్సులు ఆగిన వారాల్లో మాత్రం రాలేదు.

మూడో వారం నాకొక అనుమానం వచ్చింది. రెండో అధ్యాయంలో ఒక ఈక్వేషన్ ఉంది. నాలుగో అధ్యాయంలో దాదాపు అదే మళ్లీ వచ్చింది. కానీ అక్కడ ఒకచోట ప్లస్, ఇక్కడ మైనస్.

"మేడం, ఈ రెండిట్లో ఏది కరెక్టు? రాసేటప్పుడు చెయ్యి జారిందా ఏంది?"

ఆమె మొహం వెలిగిపోయింది. "అవ్! చూశావా! నా థీసిస్ మొత్తం అదే!"

అప్పుడు చెప్పింది. అయస్కాంతాన్ని వేడి చేస్తూ పోతే దాని బలం కొంచెం కొంచెం తగ్గుతూ, ఒక వేడి దగ్గర నెమ్మదిగా సున్నా అయిపోతుంది. మంచుగడ్డ అట్లా కాదు, సగం మంచు సగం నీళ్లలాంటి మధ్య స్థితి ఏ అణువుకీ ఉండదు, ఒక వేడి దగ్గర ఒక్కసారే మారిపోతుంది. ఇట్లా మారడాన్ని ఫేజ్ ట్రాన్సిషన్ అంటారు. కోట్ల కణాలు ఉంటాయి, ఒక్కోటీ తన పక్కవాటిని మాత్రమే చూసుకుంటుంది. కానీ మారేటప్పుడు అన్నీ కలిసి మారతాయి.

"వాటికి చెప్పేదెవరు మేడం?"

"ఎవరూ చెప్పరు. అదే కదా లెక్క తేల్చాల్సింది."

ఆమె గైడు, అంటే పరిశోధనకు దారి చూపే ప్రొఫెసరు, ఒక రకం ఉప్పు స్ఫటికం మీద ఏళ్ల కిందటే పేరు తెచ్చుకున్నాడు. అది నెమ్మదిగానే మారుతుందని ఆయన తేల్చాడు. కణాలు రెండేసిగా ఒకదాన్నొకటి లాగడం ఒక్కటే లెక్కలోకి తీసుకున్నాడు. నాలుగు కణాలు కలిసినప్పుడు పుట్టే బలం చిన్నదని వదిలేశాడు. మేడం దాన్ని వదల్లేదు. "చిన్నదే. కానీ పెద్దవి ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోట మిగిలేది ఆ చిన్నదే" అంది. దాన్ని కలిపితే ఆ గుర్తు మైనస్ అవుతుంది. మైనస్ అయితే స్ఫటికం నెమ్మదిగా కాదు, ఒక్కసారే మారాలి.

ఆ అధ్యాయం ఆయనకు పంపి మూడు నెలలైంది. జవాబు లేదు.

జవాబు నా షాపుకే వచ్చింది. ఒక శనివారం పదకొండు గంటలకు ప్రొఫెసరు గారు మెట్లెక్కి వచ్చారు. ఖమ్మంలో ఏదో కాలేజీకి పరీక్షలు పెట్టడానికి వచ్చారట. నా షాపు సంగతి మేడమే ఉత్తరంలో రాసిందట. అన్నపూర్ణ థీసిస్ ఎంతవరకు వచ్చిందో చూస్తానన్నారు. గైడు కదా అని కుర్చీ వేసి కట్ట ముందు పెట్టాను. నాలుగో అధ్యాయం దగ్గర ఆగారు. ఆ ఈక్వేషన్ మీద వేలు పెట్టారు.

"ఇక్కడ టైపింగ్ మిస్టేక్ ఉందమ్మా. ఇది ప్లస్ ఉండాలి."

"లేదు సార్. మేడం రాసింది చూసే కొట్టిన. మైనస్సే."

"అయితే ఆమె రాతలోనే తప్పు. నాలుగు కాపీల్లో ఒక నిలువు గీత పెట్టు, సరిపోతుంది. తర్వాతి ఆరు పేజీలు తీసెయ్యి. వాటి బదులు నేనొక పేజీ రాసిస్తాను."

"గీత పెట్టాలన్నా, పేజీ తియ్యాలన్నా మేడం చేతిరాత కావాలె సార్."

"నేను ఆమె గైడ్‌ని!"

"మీరు గైడే సార్. కానీ రాసింది మేడం గదా."

ఆయన జేబులోంచి పెన్ను తీశారు. నేను కాగితం మీద చెయ్యి పెట్టేలోపే పై కాపీ మీద నిలువు గీత గీసేశారు. మైనస్ ప్లస్ అయిపోయింది. అంత తేలిక ఆ పని.

నాకు ఒళ్లు మండింది. ఆ పేజీ తీసి పక్కన పడేశాను. కొత్త బాండ్ పేపర్లు నాలుగు, కార్బన్లు మూడు సర్ది మిషన్‌కు ఎక్కించి, ఆయన ఎదురుగానే ఆ పేజీ మొదటి నుంచి కొట్టడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన నిలబడే ఉన్నారు. ఆ గుర్తు దగ్గరకొచ్చాక తలెత్తి ఆయన మొహం చూసి, మైనస్ కొట్టాను.

"యూనివర్సిటీ పని ఇక ఒక్క కాగితం కూడా నీ గడప తొక్కదు" అన్నారు.

"తొక్కకపోతే మానె సార్. అర్జీలు కొట్టుకుంట."

ఆయన వెళ్లాక ఆమె బతుకును పాడు చేశానేమో అనిపించింది.

మర్నాడు చర్చికి కూడా పోకుండా మొదటి బస్సులో భద్రాచలం వెళ్లాను. మేడం కాలేజీ దగ్గర రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేది. జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు.

"ఆయన ముప్పై ఏళ్ల నుంచి ఇదే చేస్తున్నారు ఎస్తేరూ. నేనే తప్పేమో."

"తప్పయితే మీరే దిద్దండి మేడం. ఆయన గీత ఎందుకు?"

ఆమె తెల్లకాగితాలు ముందేసుకుంది. పాత లెక్క చూడకుండా, వేరే దారిలో మొదటి నుంచి మళ్లీ చేసింది. నేను వంటింట్లోకి పోయి అన్నం వండి, పప్పు చేశాను. పిలిస్తే పలకలేదు. అన్నం చల్లారిపోయింది. మధ్యాహ్నం మూడింటికి పెన్సిలు పడేసి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మైనస్సే" అంది. "పెట్టు, ఆకలేస్తోంది."

మరుసటి వారం ఆ కాగితాలు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన చదవలేదు. ఆ అధ్యాయం ఉంటే సంతకం పెట్టనన్నారు. గైడు సంతకం లేకపోతే థీసిస్ తీసుకోరు. పెనుబల్లి నుంచి వాళ్లన్న కూడా వచ్చి చెప్పాడట, ఒక్క గీతకు ఆరేళ్ల కష్టం పోగొట్టుకుంటావా, జల్దీ సంతకం పెట్టించుకో అని. "అన్నా, నీ పొలం హద్దురాయి ఎవరో ఒక్క జానెడు జరిపితే ఊరుకుంటావా?" అని అడిగిందట.

ఆమె రిజిస్ట్రేషన్ రద్దు చేసుకుంది. వేరే యూనివర్సిటీలో రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక ప్రొఫెసరును వెతికి పట్టుకుంది. "నేను సొంతంగా చేసి చూసుకోనిదే సంతకం పెట్టనమ్మా" అన్నాడాయన. నెల తర్వాత కార్డు రాశాడు: మీ గుర్తు సరైనదే, వచ్చి రిజిస్టర్ చేసుకోండి. రూల్సు ప్రకారం ఇంకో రెండేళ్లు ఆగాల్సి వచ్చింది. ఆ రెండేళ్లలో ఆమె ఇంకో అధ్యాయం రాసింది. నేను మొత్తం మళ్లీ మొదటి పేజీ నుంచి కొట్టాను. వైవాలో, అంటే పరీక్షకుల ముందు జవాబు చెప్పుకునే రోజున, రెండు గంటలపాటు నాలుగో అధ్యాయం మీదే అడిగారట. డిగ్రీ వచ్చింది. పాత గైడు ఒప్పుకున్నాడని మాత్రం నేను ఎప్పుడూ వినలేదు.

ఆయన అన్నమాట ఆయన నిలబెట్టుకున్నారు. థీసిస్ పని నా దగ్గరికి మళ్లీ చాలా ఏళ్లు రాలేదు. మేడంది తప్ప.

టైపు నేర్చుకునేటప్పుడు మా టీచరమ్మ చెప్పేది: కాగితంలో ఏముందో టైపిస్టుకు అనవసరం, కళ్లు అక్షరాల మీద ఉండాలి, వేళ్లు ఆగకూడదు. పదేళ్లు అట్లాగే చేశాను. ఈ థీసిస్ తర్వాత చెయ్యలేదు. నేను కొట్టే గుర్తు దేన్ని మారుస్తుందో తెలుసుకున్నాకే కొట్టాను. వేగం తగ్గింది. తగ్గనీ అనుకున్నాను.

ఆ తర్వాత ఒక వేసవిలో, అశ్వారావుపేట వైపు నుంచి ఒక కలప కాంట్రాక్టరు వచ్చాడు. అడవి ఊరి కోయ పెద్దమనిషి ఒకాయన ఇచ్చిన వాంగ్మూలం తెచ్చాడు, కింద వేలిముద్ర ఉంది. "భూమి నేను అమ్మలేదు" అని ఉంది. కొత్త కాపీలో ఆ "లేదు" తీసి "అమ్మాను" అని కొట్టాలన్నాడు. వేలిముద్ర సంగతి తను చూసుకుంటాడట.

"ఆ పెద్దాయన్ని తీస్కరా" అన్నాను. "నీ దిక్కు చూడకుంట, నా దిక్కు చూసి అమ్మినా అని చెప్పమను. అప్పుడు కొడతా."

"పొద్దున్నుంచి ఇది మూడో షాపు. నీకేం పోయింది?" అన్నాడు.

"ముందు రెండు షాపులోళ్లు కూడ కొట్టలేదా? మంచిగైంది" అన్నాను, కాగితం అతని చేతిలో పెట్టి.