పక్కన కూర్చునే తీరిక

మా మేనత్త పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కన్నుమూసింది. జావ కలుపుకుని గదిలోకి వెళ్ళేసరికే అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. గిన్నె పట్టుకుని అలాగే మంచం పక్కన కూర్చుండిపోయాను. ఆ వేళప్పుడు నేను కూర్చుని చాలా కాలమైంది.

ఆమె మా నాన్నకు చెల్లెలు. నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. మా నానమ్మ తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు ఆ పని మానేసింది. మానమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ ఎవరూ అనలేదు. పెళ్ళికాని మనిషి ఇంట్లో ఉంది కాబట్టి చూసుకుంటుందిలే అనుకున్నారు అందరూ. నానమ్మ పోయేసరికి ఆమెకు నలభై దాటాయి. ఫ్యాక్టరీ మళ్ళీ తీసుకోలేదు. ఉప్పల్‌లో మా ఇంటి దగ్గరే ఒక గది తీసుకుని జాకెట్లు కుట్టుకుంటూ బతికింది. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక మా ఇంటికి తెచ్చుకున్నాం.

మాట నెమ్మదించింది గానీ బుద్ధి చెదరలేదు. నేను కూర్చుని ఉంటే మంచినీళ్ళు అడిగేది కాదు. నేను ఏదో పనిమీద లేస్తే, అప్పుడే గుర్తొచ్చినట్టు, "జర నీళ్ళు" అనేది. ఆ సంగతి నాకు తెలియడానికే ఏడాది పట్టింది.

మీ ఇళ్ళలో మంచాన పడ్డవాళ్ళుంటే ఇది మీకు తెలిసిందే. ఆసుపత్రి ఖర్చుకు చేయించిన బీమా ఆమె ఇంటికి రావడంతోనే సరి. పక్క మార్చడానికి, స్నానం చేయించడానికి ఏ బీమా లేదు. పగటిపూట చెంగిచెర్ల నుంచి ఒక ఆయమ్మ వచ్చేది. మిగతా వేళల్లో నేనే. నాకూ యాభై దగ్గర పడుతున్నాయి, నడుం పట్టేస్తోంది.

ఆ రోజుల్లోనే మా ఆయనకు తెలిసిన ఏజెంటు ఒకాయన కొత్తరకం పాలసీ గురించి చెప్పడానికి వచ్చాడు. రేపు మనం తినలేక, నడవలేక పడిపోతే, చూసుకునే మనిషిని పెట్టుకోవడానికి నెలనెలా డబ్బు ఇస్తారట. ఆరోగ్యం బాగున్నప్పుడే తీసుకోవాలట. పడకపోతే కట్టిందంతా పోయినట్టేగా అన్నారు మా ఆయన. మనకు ఆడపిల్ల ఉందిగా అన్నాను నేను. ఏజెంటు ఆలోచించుకోమని వెళ్ళిపోయాడు.

గది తలుపు తీసే ఉంది. అత్త నన్ను పిలిచింది.

"పడకపోతే పోనియ్యి. నడుసుకుంట పోతవు గదా, గంతకన్న ఏం గావాలె?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నీ బిడ్డ సూస్తది, నాకెరుకే. నేను గూడ మా అమ్మకు జేసిన, పావురంతోనే, ఇష్టంగనే జేసిన. గని చేస్తవా అని నన్నెవ్వరు అడుగలె. పైసలుంటే నీ బిడ్డ నీ పక్కన కూసుంటది. లేకుంటే నిన్ను ఎత్తుకుంట దించుకుంట తిరుగుతది. కూసునే యాళ్ళ దొరకదు."

అన్నేళ్ళలో నానమ్మ గురించి ఆమె నోట ఫిర్యాదు లాంటిది విన్నది అదొక్కసారే. ఆమె మాట మంచిదేనని ఒప్పుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. ప్రీమియం కట్టడం తేలిక కాదు, ఇప్పటికీ తేలిక కాదు. చివరకు మా ఆయనా నేనూ ఇద్దరం ఆ పాలసీ అడిగాం. పరీక్షలు చేసి, షుగర్ ఉందని మా ఆయనను కాదన్నారు. నాకు ఇచ్చారు.

ఆ సంగతి చెబితే అత్త నా ముఖంలోకి చూసింది.

"అంటే ఆయనకు మల్ల నువ్వేనా?" అని కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళతోనే నా చెయ్యి కోసం తడిమింది.

మా అమ్మాయికి ఇదంతా ఫోనులో చెప్పాను. ఎందుకమ్మా, నేను లేనా అంది. ఉన్నావు కాబట్టే అన్నాను. అది నా మాట కాదు, అత్త దగ్గర నేర్చుకున్న మాటే.

పెద్దకర్మ మర్నాడు ఆయమ్మ తన బట్టల సంచి తీసుకోవడానికి వచ్చింది. అన్నోజిగూడలో ఒక ముసలాయన్ని చూసుకోవడానికి ఒప్పుకుందట, ఆ సాయంత్రమే వెళ్ళాలట. టీ తాగి పొమ్మన్నాను. నేను వంటింట్లోంచి వచ్చేసరికి గోడకు ఆనుకుని, నోరు కొద్దిగా తెరిచి, నిద్రపోతోంది. చేతిలో చెప్పులు అలాగే ఉన్నాయి. టీ మీద పళ్ళెం మూత పెట్టాను. కుక్కరు కూతకొచ్చేలోగా పొయ్యి కట్టేసి, ఫ్యాను వేసి, నేనూ ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను.