ముప్పై ఏళ్ల తాత

మా ఇంట్లో వంటగది నాది. అక్కడ నీళ్లు ఊరికే పారవు, సొరకాయ తొక్క కూడా నన్నడక్కుండా చెత్తబుట్టలో పడదు. మేము ఆదిలాబాద్ వైపు గోండులం. కొడుకు ఇక్కడ సింగపూర్‌లో, వన్-నార్త్ అనే చోట కంప్యూటర్ పని చేస్తాడు, ఇల్లు జురాంగ్ వెస్ట్‌లో. కోడలు మావాళ్ల పిల్లే గానీ, ఇద్దరూ చిన్నప్పటి నుంచి హాస్టళ్లలో చదివి తెలుగులో పడిపోయారు. మనవరాలు ఇక్కడే పుట్టింది. దానికి ఇంగ్లీషు, కాస్త తెలుగు. మా గోండి ఈ ఇంట్లో నా నోటితోనే ఆగిపోయేటట్టుందని నాకు దిగులు.

నేను మూడో తరగతి దాటలేదు. నేర్పడమంటే భయపెట్టడమని బడిలో చూసిందే తెలుసు. "నీళ్లు కావాలంటే 'ఏర్' అని గోండిలో అడుగు. లేకుంటే ఇయ్య" అన్నాను. పిల్ల నన్నోసారి చూసి, "ట్యాప్ ఈజ్ దేర్ లా, బాపమ్మా" అని గ్లాసు తీసుకుని తనే పట్టుకుంది. పైగా సగం తాగి సగం పారబోసింది.

ఒక ఆదివారం కూరగాయలు తెస్తుంటే, మా బ్లాకు కింద బెంచీ మీద ఒకతను ఫోన్లో వాళ్లమ్మతో మాట్లాడుతున్నాడు. గోండిలో. మేకను అమ్మొద్దని బతిమాలుతున్నాడు. నేను సంచీ దించి బెంచీకి ఆ చివర కూర్చుని, మేక సంగతి తేలేదాకా విన్నాను. ఫోన్ పెట్టేశాక గోండిలోనే అడిగాను: "మీరు ఎన్ని దేవుళ్లవాళ్లు?"

మాలో ప్రతి ఇంటికీ ఇన్ని దేవుళ్లని లెక్క ఉంటుంది. ఎదుటివాడి లెక్క తెలిస్తే చాలు, వరస తేలిపోతుంది. అతను ఫోన్ జేబులో పెట్టి లేచి నిలబడి "ఆరు" అన్నాడు. నా పుట్టింటివాళ్లదీ ఆరే.

"అయితే నాకు తమ్ముడివి. పద, రొట్టె తిందువు."

"అక్కా, నేను షిప్‌యార్డులో పనిచేస్తా. బూట్లు గలీజుగా ఉన్నై."

"బయట విడువు. నేనైతే కడగ."

ఇంట్లో పిల్లకు చెప్పాను, ఈయన నీకు తాత అని. ముప్పై ఏళ్లుంటాయేమో, ఒక్క తెల్ల వెంట్రుక లేదు. "సో యంగ్, హౌ కెన్" అంది. వరస వరసే. మాలో తాతకీ మనవరాలికీ పరిహాసం చెల్లుతుంది, ఎవరూ తప్పు పట్టరు. అతను జొన్నరొట్టె తుంచుతూ దాని జడ చూసి గోండిలో ఏదో అన్నాడు.

"వాట్ డిడ్ హీ సే?"

"నీ జడ ఈగల్ని తోలుకునే దూడతోకలా ఉందంట."

దాని మొహం కందగడ్డ అయింది. "నువ్వు చెప్పు బాపమ్మా, ఆయనకి..."

"నేనెందుకు చెప్త? అన్నది నిన్ను. ఆయనది మహారాష్ట్ర వైపు. ఇంగ్లీషు రాదు, తెలుగూ రాదు."

నా వెనకే వంటగదిలోకి వచ్చింది. "గట్టిది ఒకటి నేర్పు."

పెద్దవాళ్లకు ఎదురు చెప్తే ఊరుకునే మనిషిని కాను. ఆ రోజు పొయ్యి దగ్గర నిలబెట్టి, సరిగ్గా పలికేదాకా దానికి ఎగతాళి నేర్పాను. వెళ్లి చెప్పింది: "నీ మీసం అరిగిన చీపురు." అతను రొట్టె కింద పెట్టి నవ్వాడు. "అక్కా, ఇది నీ నోరే" అని, వెంటనే పిల్ల మీద ఇంకో రెండు వదిలాడు. అది మళ్లీ వంటగదిలోకి పరుగు.

ఇక ప్రతి ఆదివారం అదే తంతు. ముక్కును ఏమంటారు, కుండను ఏమంటారు, సోమరిపోతును ఏమంటారు అని వారమంతా నా చుట్టూ తిరిగేది. కలుపు తీస్తూ మా అమ్మావాళ్లు ఒకరినొకరు అనుకున్న మాటలన్నీ తవ్వి తీశాను. "అమ్మా, ఏం నేర్పుతున్నవ్ దానికి?" అన్నాడు కొడుకు. "నీకు రానిది" అన్నాను.

తర్వాత తమ్ముడికి ఆదివారాలు కూడా డ్యూటీ పడింది, రావడం ఆగింది. పిల్ల అడగడం తగ్గింది. ఇంతేనేమో అనుకున్నాను.

ఒకనాడు పొద్దున టూత్‌పేస్టు గొట్టాన్ని కత్తెరతో చీల్చి గీకుతున్నాను. వెనక నుంచి, గోండిలో: "వదిలెయ్ బాపమ్మా. అది ఎప్పుడో చచ్చింది. నువ్వింకా పాలు పిండుతున్నావు."

ఆ మాట నేను నేర్పలేదు, తమ్ముడూ నేర్పలేదు. అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఏరి తనే కుట్టుకుంది. ఒకచోట తప్పింది కూడా. నేను దిద్దలేదు. బాత్రూంలో గడ్డం గీసుకుంటున్న కొడుకు పెద్దగా నవ్వి, "అమ్మా, బాగా తగిలింది" అన్నాడు. అదీ గోండిలోనే.

మా వరసలో బాపమ్మతోనూ పరిహాసం చెల్లుతుంది. కాబట్టి కసరడానికి లేదు, బదులు చెప్పాలి. పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూస్తోంది.

"సాయంత్రం చెప్త."

"గోండిలోనే చెప్పాలి" అంది బ్యాగు తగిలించుకుంటూ.

పనిలేకుండా ఫోన్ చేసే అలవాటు నాకు లేదు. అది బడికి పోగానే తమ్ముడికి చేశాను. "ఒకటి గట్టిది చెప్పు తమ్ముడూ. పిల్ల వచ్చేలోపల కావాలె."