యేసయ్యతో మాటల్లేవు

తొంభైల్లో మద్రాసు వ్యాసర్పాడిలో మా పక్కింటి అత్త ప్రార్థన మొదలుపెడితే, రైల్వే యార్డులో గూడ్సుబండ్లు సిగ్నల్ కోసం చూడకుండానే ఆగిపోయేవి. మోకాళ్ళూనడం, కళ్ళు మూయడం ఆమెకు చేతకావు. తెల్లవారి పంపు కొట్టేటప్పుడు మొదలుపెట్టి, రాత్రి గిన్నెలు తోమేదాకా ప్రభువును నిలబెట్టి కడిగేసేది.

"ఏమయ్యా యేసయ్యా, నీళ్ళు రాలా! ఆడ కూర్చోని ఏం చేస్తా ఉండావు?"

"ప్రార్థన మెల్లగా చేయాలమ్మా" అని పాస్టరుగారు మందలించారు.

"ఈడ రైళ్ళ గోలలో ఆయనకి వినబడాల గదా అయ్యగారూ!"

ఒకనాడు యార్డులో పనిచేసే ఆమె భర్త కాలు గూడ్సు పెట్టెల మధ్య నలిగింది. ఆస్పత్రిలో బతుకుతాడో లేదో తెలియలేదు. అత్త ఆకాశం వైపు వేలెత్తి, "ఇంక నీతో మాట్లాడేది లేదు, పో!" అంది. ఆ మాటనే పంపు దగ్గర, పొయ్యి దగ్గర, ఆస్పత్రికి పోయే బస్సులో, రోజంతా ఆయనకు చెబుతూనే ఉంది.

చివరికి మామ చంకకర్రల మీద ఇంటికొచ్చాడు. అతణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, అత్త పైకి చూసి పళ్ళు కొరికింది.

"సరే, ఈ తూరికి వదిలేస్తా ఉండా. మళ్ళీ చేసినావంటే చూడు!"