మెయిలుకు మూడు, గూడ్సుకు ఒకటి

టీవీ కొనడం పెద్ద కష్టమేమీ కాలేదు. నాలుగిళ్ళవాళ్ళు తలా ఇంత వేసుకున్నారు, హనుమకొండ చౌరస్తాలో దుకాణంవాడు సరేనన్నాడు. కష్టమంతా అది ఎవరింట్లో కూర్చోవాలన్న దగ్గర వచ్చింది. అది తేలేదాకా టీవీని దుకాణంలోనే ఉంచమన్నాం. రోజూ సాయంత్రం మా డబ్బులతో కొన్న టీవీ హనుమకొండ వాళ్ళకు బొమ్మలు చూపించేది. మేము కాజీపేటలో మీటింగులు పెట్టుకునేవాళ్ళం.

ఎనభైల మొదట్లో సంగతి. రైల్వే క్వార్టర్లలో మాది చివరి లైను, నాలుగే ఇళ్ళు. మొదటిది మాది. బాపు గూడ్సు గార్డు. పక్కిల్లు డ్రైవర్ చిన్నాయనది. ఆ తరువాత టీటీ గారు. ఆయనా, ఆయన భార్యా గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళు. చివరింట్లో స్టోర్సులో పనిచేసే గుమాస్తా మామ ఒక్కడే ఉండేవాడు. మామ పెండ్లి చేసుకోలేదు. వచ్చిన సంబంధాలను అన్ని వైపుల నుంచీ బేరీజు వేసి ఆయన ఒక నిర్ణయానికి వచ్చేసరికి ఆ అమ్మాయిల పిల్లలు బడికి పోతుండేవారని లైనులో చెప్పుకునేవారు.

టీవీ గార్డు ఇంట్లోనే ఉండాలని బాపు అభిప్రాయం. బండి మొత్తానికి బాధ్యుడు గార్డు కదా. బండి నడిపేది డ్రైవరని, గార్డు వెనక డబ్బాలో కూర్చుని పచ్చజెండా ఆరేసుకుంటాడని చిన్నాయన అభిప్రాయం. టీటీ గారు రోజంతా టికెట్ లేనివాళ్ళతో మాట్లాడి వస్తారు కాబట్టి ఇంటి దగ్గర పెద్దగా మాట్లాడరు. మాట్లాడకుండానే ముందుగదికి కొత్త సున్నం వేయించారు. వారానికో ఇంట్లో పెట్టుకుందామని ఎవరో అన్నారు గానీ, అట్లా మోసుకుంటూ తిరిగితే పిక్చర్ ట్యూబు పోతుందని, పోతే తనను అడగొద్దని దుకాణంవాడు ముందే చెప్పాడు.

అమ్మను ఎవరూ అడగలేదు. అడగకుండానే చెప్పింది.

మా ముందుగది అమ్మది. కిటికీ పక్కన కుట్టుమిషను, నేల మీద కత్తిరించడానికి పరిచిన జాకెట్టు గుడ్డలు. క్వార్టర్లలో సగం జాకెట్లు ఆ గదిలోంచే బయటికి పోయేవి. నా డిగ్రీ ఫీజు కూడా అందులోంచే పోయింది. బాపు జీతం ఆ విషయంలో పెద్దగా జోక్యం చేసుకోలేదు.

"టీవీ ఈడ పెడితే నా మిషిన్ ఏడ పెట్టాలె?" అన్నది అమ్మ.

"వంటింట్ల పెట్టుకోరాదు. జాగ మస్తున్నది."

"వంటింట్ల కిటికేది? చీకట్ల కుడితే చెయ్యి పోయి మెడకాడ పడ్తది."

"జర్రసేపే గదనే."

"జర్రసేపే, కాలనీ మొత్తం. ఈడ సూదులుంటయి, హుక్కులుంటయి. ఎవ్వల కాలికి గుచ్చుకున్నా నాకు జాకిట్లిచ్చెటోళ్ళే."

బాపు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కనబడని ఎర్రజెండాకు బండి ఆపనక్కర్లేదని ఆయన లెక్క.

గుమాస్తా మామ అప్పుడే సికింద్రాబాదులో ఏదో ట్రైనింగు చేసి వచ్చి ఉన్నాడు. అక్కడ నేర్పినదాన్ని ఎక్కడైనా వాడాలని ఆయనకు చెయ్యి దురదగా ఉంది. "ఓట్లేస్తే ఎవ్వల ఇంటికి వాళ్ళే ఏసుకుంటరు. తక్కెడ పెడుదాం," అన్నాడు. ముందు మనకేమేం కావాలో రాసుకోవాలి. వాటిలో ఏది ఎంత ముఖ్యమో చూసి దానికంత బరువు పెట్టాలి. తరువాత ఒక్కో ఇంటికి ఒక్కోదానికి పదికిన్ని అని మార్కులు వేసి, మార్కును బరువుతో గుణించి, అన్నీ కూడాలి. ఎక్కువ వచ్చిన ఇంటికి టీవీ.

"బరువులెందుకు? అన్ని ఒక్క తీర్గనే సూడరాదు," అన్నాడు చిన్నాయన.

"నీ గూడ్సును లూపులైన్ల నిలబెట్టి మెయిలును ముంగట పోనిస్తరా లేదా?"

"పోనిస్తరు. గంటలకు గంటలు నిలబెడతరు."

"గదే బరువు."

ఇన్నేళ్ళ సర్వీసులో తన బండి ఎందుకాగుతుందో చిన్నాయనకు ఎవరూ ఇంత మర్యాదగా చెప్పలేదు. తల ఊపాడు. అట్లా మెయిలుకు మూడు, ప్యాసింజరుకు రెండు, గూడ్సుకు ఒకటి అని బరువులు తేలాయి. మామ తన వరండాలో, స్టోర్సు వాళ్ళు కండెమ్ చేసి పారేసిన నల్లబోర్డు ఒకటి గోడకు ఆనించాడు. సుద్దముక్క నా చేతికిచ్చారు. స్టాటిస్టిక్సుతో బీయస్సీ పాసై, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న నాకు ఆ డిగ్రీ సంపాదించిపెట్టిన మొదటి పని అదే. మామ పంచాయితీ చెప్పే పెద్దమనిషి కాబట్టి ఆయన ఇల్లు లెక్కలోకి తీసుకోలేదు. బోర్డు మీద మూడిళ్ళే రాశాను.

ఏది మెయిలు, ఏది గూడ్సు అన్న దాని మీద జరిగిన వాదన రైల్వే బోర్డు వాళ్ళు విని ఉంటే చాలా నేర్చుకునేవారు. టీవీకి ముందుగది వైశాల్యమే ప్రధానమన్నాడు బాపు, తన గది పెద్దదని ఆయన నమ్మకం. యాంటెన్నా ఎత్తు అన్నాడు చిన్నాయన. తన కప్పు మీద కాకులు ఎక్కువ వాలతాయి కాబట్టి అది ఎత్తుగా ఉన్నట్టేనట. టీటీ గారు మెల్లగా, "కరెంటు లేకపోతే ఈ రెండూ ఎందుకండీ," అన్నారు. చివరికి గదికి మెయిలు దక్కింది. యాంటెన్నా, కరెంటు ప్యాసింజర్లయ్యాయి. బోర్డు కింద ఇంకో గీత ఖాళీగా కనబడితే, మర్యాదకు బాగుంటుందని మామ "ఇంటావిడ ఓర్పు" అని రాయించాడు. వచ్చేపోయేవాళ్ళందరినీ భరించాల్సింది ఆమే కదా. దానికి గూడ్సు బరువు చాలన్నారు.

"గవ్విటి మార్కులు ఆడోళ్ళే ఏసుకుంటరు తియ్," అన్నాడు బాపు ఉదారంగా.

మరుసటి మీటింగుకు మామ టేపు తెచ్చాడు. మా ముందుగది కొలిచాం. చిన్నాయనది కొలిచాం. టీటీ గారిది కొలిచాం. బాపు మళ్ళీ కొలవమన్నాడు. మళ్ళీ అంతే వచ్చింది.

"సున్నం వేయించాక మాది కాస్త పెద్దదిగానే అనిపిస్తుందండి," అన్నారు టీటీ గారు.

"అనిపిచ్చుడుకు మార్కులు లేవు సార్," అన్నాడు మామ.

కప్పుల ఎత్తు కూడా సమానమే. కాకులు ఎక్కువ వాలడానికి చిన్నమ్మ ఎండబెట్టిన వడియాలు కారణమని తేలింది. కరెంటు నాలుగిళ్ళకూ ఒకే తీగ మీద వచ్చేది, పోయినప్పుడు కూడా నాలుగిళ్ళకూ కలిసే పోయేది.

మామ టేపు చుట్టుకుంటూ, "అన్ని ఒక్క నక్షా మీదనే కట్టిండ్రు గద," అన్నాడు.

అందరూ చాలాసేపు ఇళ్ళవైపు చూశారు. ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లాంటి ఇళ్ళలో ఏళ్ళతరబడి కాపురాలు చేసి, వాటిలో ఏది పెద్దదో తేల్చడానికి నలుగురు రైల్వే పెద్దమనుషులు అన్ని సాయంత్రాలు బరువుల కోసం కొట్లాడారు. రైల్వే కట్టినదానికి పదికి తక్కువ వేయడం బాగుండదని మామ అన్నిటికీ పదే వేయించాడు. మూడు ఇళ్ళకూ డెబ్బై. అందరికీ సమానంగా వచ్చేదానికి ఎంత బరువు పెట్టినా ఒకటే. మెయిలు పోయింది, ప్యాసింజర్లు పోయాయి. టీవీ ఎటు పోవాలో ఇక లూపులైనులో నిలబడ్డ గూడ్సే చెప్పాలి.

అది తెలిసి బాపు ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు. కుట్టిన జాకెట్టును నాలుగుసార్లు తెచ్చి బిగించమని, వదులు చేయమని, మళ్ళీ బిగించమని అడిగే మనిషిని కూడా అమ్మ కూర్చోబెట్టి చాయ్ పోసేది. ఆమె ఓర్పు కాజీపేట అంతా ఎరుగును.

"ఓర్పుల నీకు సాటెవ్వలే," అన్నాడు. బాపు నోట అమ్మ గురించి నేను విన్న మొదటి మెచ్చుకోలు అది.

"గిప్పుడు యాదికచ్చిందా," అన్నది అమ్మ.

మరునాడు మిషను ముందు కూర్చుని నన్ను పిలిచింది. "మన ఇంటికి గూడ నేనే మార్కులేసుకోవాలెనా?"

"ఏసుకోవాలె. ముగ్గురాడోళ్ళు, మూడిండ్లకు."

"సున్న ఏసుకోవచ్చునా?"

"ఏసుకోవచ్చు. గని వాళ్ళు నీకు పది ఏస్తే?"

"ఏస్తరు, నాకెరుకనే." కొంచెంసేపు కుట్టి ఆగింది. "గుమాస్తా అన్న ఇల్లు బోర్డు మీద లేదేంది?"

"ఆయన పంచాయితీ పెద్దమనిషి గద. పైగ ఇంటావిడ లేదాయె."

"పైసలైతే ఏసిండు గద," అని దారం పళ్ళతో తెంపింది.

ఆ ఆదివారం సాయంత్రం ముగ్గురు ఆడవాళ్ళూ మామ వరండాలో కూర్చున్నారు. ఒక్కరికీ ఆ టీవీ తమ ఇంట్లో అక్కర్లేదని మగవాళ్ళకు తట్టలేదు. చిన్నమ్మకు ముందుగదిలో నలుగురు పిల్లలు పడుకోవాలి. టీటీ గారి భార్యకు కొత్త సున్నం గోడకు కాలనీవాళ్ళు నూనె తలలు ఆనిస్తారన్న భయం.

చిన్నమ్మ మొదలుపెట్టింది. "మా అక్కకున్న ఓర్పు ఎవ్వలకున్నది? అక్కకు పది. టీటీ వదినకు పది. నాకు సున్న. నేను పొద్దుగాల లేస్తే పొయ్యితోని గూడ కొట్లాడుత."

"గట్లెందుకంటవే, మంచిదానివే గద," అన్నాడు చిన్నాయన.

"నీకేమెరుక? ఇంట్ల ఉంటె గద."

టీటీ గారి భార్య చీరకొంగు సర్దుకుంది. "నాకసలే చిరాకండీ. కావాలంటే మా వారిని అడగండి."

"అబ్బే, అంతేం లేదు," అన్నారు టీటీ గారు. ఆవిడ ఆయన వైపు తిరిగింది. "ఉందండి," అన్నారు టీటీ గారు.

"చూశారా. వదినగారికి పది, చెల్లాయిగారికి పది, నాకు సున్నా వేసెయ్యి బాబూ."

ఇక అమ్మ వంతు. "చెల్లె నలుగురు పోరగాండ్లను సాకుతాంది. ఒక్కనాడు కోపం చేసింది నేను సూడలే. పది." ఆ రోజు ఉదయమే చిన్నమ్మ చీపురుతో రెండోవాణ్ణి గూడ్స్ షెడ్డుదాకా తరిమింది. "వదినకు గూడ పది. నా సంగతంటరా, మంది ముంగట మంచిగనే ఉంట. లోపల మస్తు కోపం."

"నీకు కోపమేందే," అని బాపు నవ్వాడు.

"మొన్న నీ డ్యూటీ అంగి ఎట్ల కాలిందనుకున్నవ్?"

బాపు నవ్వు ఆగిపోయింది. తరువాత చాలా రోజులు తన బట్టలు తానే ఇస్త్రీ చేసుకున్నాడు.

మామ మాత్రం కరిగిపోయాడు. "ఒక్కలన్న తమ ఇంటికి ఏసుకున్నరా? సూసి నేర్సుకోవాలె మనం," అన్నాడు మగవాళ్ళతో. నేను కూడి చూశాను. ముగ్గురికీ ఇరవై. మొత్తం ముగ్గురికీ తొంభై. తక్కెడ ముల్లు మళ్ళీ నడిమధ్యన నిలబడింది.

"ఇగ చిట్టీలేసి ఒకటి తీద్దాం," అన్నాడు బాపు. మూడు చిట్టీల్లో ఒకటి మాదే అవుతుంది. అమ్మ ముఖం చూస్తే ఆమె కూడా అదే లెక్క వేసుకుంటున్నట్టు తెలిసింది.

"ఒక ఇల్లు రాయనే లేదు గదన్నా," అన్నది మామతో.

"నేను పెద్దమనిషిని చెల్లె."

"పెద్దమనిషికి ముందుగది లేదా?"

"ఉన్నది. గని ఇంటావిడ..."

"ఇంటాయన ఓర్పు అని రాస్తే బోర్డేమన్న కాదంటదా? ఇన్ని మీటింగులు పెట్టినవ్. మా మొగోళ్ళ మాటలన్ని ఒక్కటి ఇడువకుంట ఇన్నవ్. గంత ఓర్పు ఈ లైన్ల ఇంకెవ్వలకున్నది చెల్లె?" అని అమ్మ చిన్నమ్మ వైపు తిరిగింది.

"ఎవ్వలకు లేదక్కా," అన్నది చిన్నమ్మ. "నాది పది."

"నాదీ పదే," అన్నది టీటీ గారి భార్య. "ఇంకా ఎక్కువ వెయ్యకూడదు గానీ."

"నాది గూడ," అన్నది అమ్మ.

నేను బోర్డు మీద నాలుగో ఇల్లు రాశాను. నక్షా అదే కాబట్టి డెబ్బై. ఓర్పుకు మూడు పదులు ముప్పై. తక్కిన ఇళ్ళన్నిటికీ ఒక్కో సున్నా పడింది. మామకు ఆ సున్నా వేయడానికి ఇంట్లో ఆడమనిషి లేదు. వంద.

మామ ఆ లెక్కను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూశాడు. తప్పు దొరకలేదు. పద్ధతి ఆయనదే, ఎవరిని అడుగుతాడు? బాపు చిన్నాయన వైపు చూశాడు, చిన్నాయన బాపు వైపు చూశాడు. ఎదుటివాడి ఇంట్లో మాత్రం కాదు కదా అని ఇద్దరి ముఖాలూ తేటబడ్డాయి.

"నేను ఎనిమిదింటికే పంట చెల్లె," అన్నాడు మామ చివరి ప్రయత్నంగా.

"ఏం గాదన్నా. ఓర్పుగల్లోనివి."

టీవీ మామ ముందుగదిలో కూర్చుంది. ఆదివారం సినిమా రోజున ఆయనకు తన ఇంట్లో చోటు దొరక్క, వరండాలో ఆ బోర్డు పక్కనే పీట వేసుకుని కూర్చునేవాడు. ఇంట్లో ఇంటావిడ ఉంటే కనీసం ఒక సున్నా అయినా వచ్చేదని ఒకరోజు నాతో అన్నాడు. పెండ్లి మీద ఆయన నోట అంత మంచిమాట అంతకుముందు ఎవరూ వినలేదు.

టీవీ వచ్చిన మొదటి సాయంత్రం లైనంతా అక్కడే ఉంది. అమ్మ కూడా వచ్చింది, వార్తలు చదివే ఆమె జాకెట్టు చెయ్యి ఎట్లా కుట్టారో చూసింది, లేచి వెళ్ళిపోయింది. కాసేపటికి బాపు ఆమె కోసం ఇంటికి వచ్చాడు. ముందుగదిలో కిటికీ తెరిచి ఉంది, నేలంతా గుడ్డలు పరిచి ఉన్నాయి, మిషను నడుస్తోంది.

"బొమ్మ మంచిగస్తాందే. రారాదు, జర్రసేపు కూసుందువు."

"నాకు గంత ఓర్పు లేదు," అన్నది అమ్మ తల ఎత్తకుండా. "జరుగు, ఎల్తురుకు అడ్డమున్నవ్."